మిస్టరీ షాపింగ్: ఫీజు రూ.400.. పని ఏడు గంటలు.. ముదిగుబ్బ నుంచి వెళ్తే చేతికి మిగిలేదెంత?

షాపుకెళ్లి కొనుక్కుంటే డబ్బులు ఎదురిస్తారు. హోటల్లో తిని నాలుగు మాటలు రాస్తే బిల్లు వాళ్లే కడతారు. వినడానికి భలేగా ఉంది కదా? మిస్టరీ షాపింగ్ గురించి సోషల్ మీడియాలో తిరిగే ప్రచారం చాలావరకు ఇలాగే ఉంటుంది. ఇది నిజమైన పనే, మోసం కాదు. కానీ ప్రకటనలో కనిపించేది ఫీజు ఒక్కటే. దాని వెనకున్న గంటలు, బస్సు ఛార్జీలు, రాతపని ఎక్కడా కనిపించవు. నగరంలో ఉన్నవాళ్లకు ఒక లెక్క, ముదిగుబ్బ లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు మరో లెక్క. అసలు ఈ పని ఏంటి? ఎంత టైం పడుతుంది? చివరికి జేబులో మిగిలేదెంత? పూర్తి వివరాలు చూద్దాం.

మిస్టరీ షాపింగ్ అంటే ఏంటి?

ఒక కంపెనీ తన షోరూంలో, పెట్రోల్ బంకులో, బ్యాంకు బ్రాంచిలో కస్టమర్‌కు ఎలాంటి సేవ అందుతోందో తెలుసుకోవాలనుకుంటుంది. మేనేజర్ వెళ్తే సిబ్బంది ముందే సర్దుకుంటారు. అందుకే ఎవరికీ తెలియని మనిషిని మామూలు కస్టమర్‌లా పంపిస్తుంది. ఆ మనిషి వస్తువు కొంటాడు, ప్రశ్నలడుగుతాడు, చూసింది చూసినట్టు రిపోర్టు రాస్తాడు. కంపెనీకీ, ఈ మనిషికీ మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది. పని ఇచ్చేది, రిపోర్టు సరిచూసేది, డబ్బులు వేసేది ఆ ఏజెన్సీయే.

మారువేషంలో ఊరు తిరిగే రాజుల కథలు తెలుగువాళ్లకు కొత్త కాదు. వ్యాపారంలో ఈ పద్ధతి అమెరికాలో స్థిరపడింది. 1940లలో విల్‌మార్క్ అనే సంస్థ ఈ పేరును వాడుకలోకి తెచ్చిందని చెబుతారు. మొదట్లో దీని పని క్యాష్ కౌంటర్ దగ్గర సిబ్బంది చేతివాటం పట్టుకోవడమే. సేవ ఎలా ఉందో కొలవడం తర్వాత వచ్చింది.

ప్రభుత్వాలూ ఈ దారి పడుతున్నాయి

జీఎస్టీ చట్టంలోనే దీనికి చోటుంది. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 67(12) ప్రకారం అధికారులు తమ తరఫున ఒకరిని పంపి షాపులో వస్తువు కొనిపించవచ్చు. బిల్లు ఇస్తున్నారా లేదా అన్నది దాంతో తేలిపోతుంది. కొన్న వస్తువు వెనక్కిచ్చేస్తే, బిల్లు రద్దు చేసి వ్యాపారి ఆ డబ్బు తిరిగివ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో బాగా చర్చకొచ్చిన ఉదాహరణ 2021 ఆగస్టు నాటిది. అప్పటి విజయవాడ సబ్ కలెక్టర్ జి.సూర్యప్రవీణ్‌చంద్ లుంగీ కట్టుకుని, రైతులా కైకలూరులో ఎరువుల షాపుకెళ్లారు. స్టాకుండి కూడా లేదన్నారు. మరో షాపులో ఎరువు ఇచ్చారు గానీ ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. కారులో దిగి ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు.

వైద్యరంగంలోనూ ఇదే పద్ధతి వాడారు. మధ్యప్రదేశ్ గ్రామాల్లో శిక్షణ పొందిన మనుషులను రోగుల్లా డాక్టర్ల దగ్గరకు పంపి చేసిన అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చింది. జిష్ణు దాస్, కార్తీక్ మురళీధరన్ తదితరులు దీన్ని చేశారు. ఒకే డాక్టరు ప్రభుత్వ ఆసుపత్రిలో కంటే తన సొంత క్లినిక్‌లో ఎక్కువ శ్రద్ధ పెడుతున్నట్టు అందులో తేలింది. రికార్డులు తిరగేస్తే ఇలాంటివి దొరకవు. మనిషి వెళ్లి కూర్చుంటేనే తెలుస్తాయి. మిస్టరీ షాపింగ్‌కు విలువ అందుకే. కాకపోతే ఆ విలువ మొత్తం వెళ్లొచ్చిన మనిషి చేతికి చేరుతుందా అన్నదే ప్రశ్న.

ముదిగుబ్బ నుంచి చూస్తే..

ముదిగుబ్బ ఉమ్మడి అనంతపురం జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం-కదిరి జాతీయ రహదారి ఊరి మీదుగానే వెళ్తుంది. ధర్మవరం-పాకాల రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది. ఉమ్మడి జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గరే. చెనక్కాయ పంట వానను నమ్ముకున్నదే. వాన మొహం చాటేస్తే పని కోసం బెంగళూరు, కేరళ బస్సెక్కడం ఇక్కడ ఏళ్లుగా ఉన్నదే. అలాంటి చోట ఫోనులో దొరికే పని అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

కానీ మిస్టరీ షాపింగ్ ఫోనులో అయ్యే పని కాదు. బ్రాండెడ్ షోరూంలు, మొబైల్ స్టోర్లు, పెద్ద హోటళ్లు, కార్ల షోరూంలు అనంతపురంలో ఉంటాయి. అది సుమారు 60 కిలోమీటర్ల దూరం. కదిరి, ధర్మవరం సుమారు 30 కిలోమీటర్లు. ఊళ్లోనో, రోడ్డు మీదో దొరికేవి పెట్రోల్ బంకులు, బ్యాంకు బ్రాంచి, ఏటీఎం లాంటివే.

ఒక్క అసైన్‌మెంట్.. ఎన్ని గంటలు?

అనంతపురంలో ఒక షోరూం పని వచ్చిందనుకుందాం. ఫీజు 400 రూపాయలు. దాంతోపాటు 300 రూపాయల దాకా ఏదైనా కొనుక్కోవచ్చు, ఆ బిల్లు ఏజెన్సీ తిరిగిస్తుంది. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. కంపెనీని బట్టి మారుతాయి. టైం మాత్రం ఇంచుమించు ఇలా ఖర్చవుతుంది.

సూచనలు చదవడం, చిన్న పరీక్ష రాయడం: 45 నిమిషాలు. పేజీలకు పేజీలుండే గైడ్‌లైన్స్ చదివి ప్రశ్నలకు సరైన జవాబులిస్తేనే పని ఖరారవుతుంది.

ప్రయాణం, బస్సు కోసం నిలబడటం: వెళ్లడానికి గంటా ముప్పావు, రావడానికి గంటా ముప్పావు. మొత్తం మూడున్నర గంటలు.

షోరూంలో ఉండటం: 40 నిమిషాలు.

రిపోర్టు రాయడం: గంటన్నర.

బిల్లు, ఫొటోలు, ఆడియో అప్‌లోడ్ చేయడం: 20 నిమిషాలు. నెట్ నెమ్మదిగా ఉంటే ఇంకాస్త.

తర్వాత ఎడిటర్ అడిగే ప్రశ్నలకు జవాబులు: 20 నిమిషాలు.

కూడితే 425 నిమిషాలు. అంటే ఏడు గంటల పైమాటే. ప్రకటనలో కనిపించే పని మాత్రం ఆ మధ్యలో ఉన్న 40 నిమిషాలే.

షోరూంలో ఆ 40 నిమిషాలు కూడా తీరికగా ఉండవు. లోపలికి అడుగుపెట్టాక ఎన్ని సెకన్లకు పలకరించారు? నేమ్ బ్యాడ్జీ ఉందా, మీద పేరేంటి? అవసరమేంటో అడిగాకే వస్తువు చూపించారా? ఆఫర్ గురించి చెప్పారా? బిల్లింగ్ దగ్గర ఎంతసేపు నిలబెట్టారు? ఇవన్నీ మనసులో పెట్టుకోవాలి. అక్కడే కాగితం తీసి రాసుకుంటే గుట్టు బయటపడుతుంది. అందుకే చాలామంది మెసేజ్ చూస్తున్నట్టు ఫోనులో టైం నోట్ చేసుకుంటారు. బయటికొచ్చాక మర్చిపోకముందే మిగతాది రాసుకుంటారు.

అసలు కష్టం రిపోర్టుదే

కొత్తగా చేరినవాళ్లు తక్కువ అంచనా వేసేది రాతపనినే. అవును-కాదు ప్రశ్నలు పదుల సంఖ్యలో ఉంటాయి. కాదు అన్న ప్రతిచోటా ఎందుకో రాయాలి. 'సిబ్బంది సరిగా మాట్లాడలేదు' అంటే ఒప్పుకోరు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏ మాట అన్నారో కావాలి. అభిప్రాయం వేరు, జరిగింది వేరు. రెండూ కలిపేస్తే రిపోర్టు తిరిగొస్తుంది.

పైగా చాలా ఏజెన్సీల ఫారాలు ఇంగ్లిషులోనే ఉంటాయి. తెలుగులో జరిగిన సంభాషణను గుర్తుపెట్టుకుని ఇంగ్లిషులో రాయాలి. అలవాటు లేనివాళ్లకు గంటన్నర పని మూడు గంటలు కూడా పట్టొచ్చు. రిపోర్టుకు గడువు మామూలుగా అదే రోజు రాత్రి లేదా 24 గంటల్లోపే ఉంటుంది. సాయంత్రం బస్సు దిగి, ఇంటికెళ్లి, రాత్రి కూర్చుని రాయాల్సిందే.

చేతికి మిగిలేదెంత? ఇదీ లెక్క

ఫీజు 400. రానుపోను బస్సుకు 180, ఊళ్లో ఆటోకు 40 అనుకుంటే మిగిలేది 180 రూపాయలు. ఏడు గంటలకు పంచితే గంటకు 25 రూపాయలు.

పోలికకు ఒక్క అంకె చాలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఉపాధి హామీ కూలి రేటు రోజుకు 307 రూపాయలు. అక్కడ కూలి పని కొలతను బట్టి వస్తుంది కాబట్టి అందరికీ అంతే పడదు. అయినా 180 కంటే అది ఎక్కువే.

మహిళలకు లెక్క కొంత మారుతుంది. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్ర మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు ఖర్చు పోతే మిగిలేది 360 రూపాయలు, గంటకు 50 రూపాయల పైనే. టికెట్ మిగిలింది సరే, బస్సులో గడిచిన మూడున్నర గంటలు మాత్రం ఎవరూ వెనక్కివ్వరు.

ఒకే రోజు రెండు చేస్తే?

అనుభవం ఉన్నవాళ్లు ఒక్క పని కోసం బస్సెక్కరు. ఒకే కంపెనీకి చెందిన రెండు షాపులు ఒకే రోజు తీసుకుంటారు. సూచనలు మళ్లీ చదవనక్కర్లేదు. ప్రయాణం ఒకటే. అదనంగా పట్టేది ఒక షాపు నుంచి మరో షాపుకు వెళ్లే అరగంట, షాపులో 40 నిమిషాలు, రిపోర్టు, అప్‌లోడ్, జవాబులు. అంతా కలిపి మరో 200 నిమిషాలు. మొత్తం పది గంటల 25 నిమిషాల పనికి 800 ఫీజు వస్తుంది. బస్సు 180, ఆటోలు 80 తీసేస్తే 540 మిగులుతుంది. గంటకు 52 రూపాయలు. ఒక్క పనితో పోలిస్తే రెట్టింపు. కానీ ఆ రోజు రాత్రి రెండు రిపోర్టులు రాయాలి.

వేరే పని మీద ఎలాగూ అనంతపురం వెళ్లేవాళ్లకు ఇది ఇంకా నయం. జేఎన్టీయూలోనో, ఎస్కేయూలోనో చదువుకునే విద్యార్థికి, ఆసుపత్రికో సరుకులకో వెళ్లేవాళ్లకు ప్రయాణం దీని ఖాతాలో పడదు. వాళ్లకు పని 215 నిమిషాలు, మిగిలేది 360. గంటకు వంద రూపాయలు. అంటే ఈ పని కోసం ఊరు దాటడం వేరు, ఊరు దాటినప్పుడు ఈ పని చేసుకోవడం వేరు.

ఊళ్లోనే పెట్రోల్ బంకు పని దొరికితే?

లెక్క ప్రకారం అన్నిటికంటే లాభం ఇదే. 250 రూపాయల ఫీజు, పెట్రోల్ బిల్లు వాపసు, మొత్తం గంటా నలభై నిమిషాల పని అనుకుంటే గంటకు 150 పడుతుంది. చూడాల్సినవి కూడా తెలిసినవే. మీటరు సున్నా చూపించారా, డెన్సిటీ బోర్డు మీద రాశారా, గాలి ఉచితంగా పడుతున్నారా, తాగునీరుందా, టాయిలెట్ శుభ్రంగా ఉందా.. ఇలాంటివి. నిజానికి వీటిలో చాలావరకు మామూలు కస్టమర్ కూడా అడగొచ్చు. అనుమానముంటే 5 లీటర్ల కొలతతో కొలిచి చూపించమనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. ఆ కొలతలో 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

అయితే ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒకే చోటికి ఒకే మనిషిని వెంటవెంటనే పంపరు. మళ్లీ అవకాశం రావాలంటే నెలలు ఆగాలి. రెండోది అంతకంటే పెద్దది. చిన్న ఊళ్లో మిస్టరీ నిలవదు. బంకులో పెట్రోల్ పట్టే అబ్బాయి పక్కవీధి వాడే అయ్యుంటాడు. బండి ఆపగానే 'ఏమప్పా, ఈరోజు నువ్వొచ్చినావే, మీ నాయన రాలేదా?' అని అడుగుతాడు. తెలిసినవాళ్లు, బంధువులు పనిచేసే చోటికి వెళ్లకూడదన్నది ఏజెన్సీల నియమం. ఆ నియమం ఒప్పుకుంటే ఊళ్లో చేయగలిగిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దాచిపెట్టి చేస్తే రిపోర్టు చెల్లదు, ఖాతా కూడా మూసేస్తారు.

ఒక్క రిపోర్టు తిరస్కరిస్తే..

ఫీజు వెంటనే రాదు. 30 నుంచి 60 రోజులు పట్టడం మామూలే. అప్పటిదాకా కొనుగోలు, ప్రయాణం అన్నీ సొంత జేబులోంచే. బిల్లు పోగొట్టుకున్నా, చెప్పిన టైంలో వెళ్లకపోయినా, వేరే బ్రాంచికి వెళ్లినా, గడువు దాటినా రిపోర్టు తిరస్కరించవచ్చు. అప్పుడు ఫీజే కాదు, కొన్న వస్తువు డబ్బు కూడా రాదు.

పై లెక్కనే తీసుకుందాం. బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లే మనిషి పది పనులు చేస్తే తొమ్మిది ఆమోదం పొంది, ఒకటి పోయిందనుకుందాం. తొమ్మిదింటి మీద మిగిలింది 1,620. పోయినదాని మీద బస్సు, ఆటో, కొనుగోలు కలిపి నష్టం 520. చివరికి మిగిలేది 1,100. దాదాపు 71 గంటల పనికి గంటకు 15 రూపాయలు. పదిలో ఒక్కటి తప్పితేనే ఈ పరిస్థితి.

టీడీఎస్ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ ఫీజు ఆదాయం కిందకే వస్తుంది. టీడీఎస్ వర్తించే చోట పాన్ నంబరు ఇవ్వకపోతే 20 శాతం దాకా కోత పడుతుంది. అలాగే ఇది ఉద్యోగం కాదు. పీఎఫ్, ఈఎస్ఐ ఏవీ ఉండవు.

కౌంటర్ అవతల ఉన్నది కూడా కూలి మనిషే

ఈ లెక్కల్లో రాని విషయం మరొకటుంది. రిపోర్టులో పేరు పడేది నెలకు కొద్ది జీతానికి రోజంతా నిలబడి పనిచేసే సేల్స్ అమ్మాయిదో, పెట్రోల్ పట్టే అబ్బాయిదో. వాళ్ల ఇన్సెంటివ్ ఆ మార్కుల మీద ఆధారపడి ఉండొచ్చు. సిబ్బందిపై చర్య తీసుకోవడానికి ఒక్క మిస్టరీ రిపోర్టునే ఆధారం చేసుకోకూడదన్నది ఈ రంగంలో చెప్పుకునే మర్యాద. అన్నిచోట్లా అది అమలవుతుందన్న భరోసా లేదు. గంటకు 25 రూపాయలు పడే మనిషి బస్సుకు ఆలస్యమవుతోందని హడావిడిగా నింపిన ఒక 'కాదు', అవతల మరొకరి జీతంలో కోతగా మారొచ్చు. గుర్తులేనిదాన్ని ఊహించి రాయకూడదని ఏజెన్సీలు పదేపదే చెప్పేది అందుకే.

మోసాలు ఎలా గుర్తుపట్టాలి?

మిస్టరీ షాపింగ్ పేరు చెప్పి సాగే మోసాలు వేరే ఉన్నాయి. వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. హోటల్‌కు రేటింగ్ ఇస్తే 50, 150 అంటారు. మొదటి రెండు మూడు సార్లు నిజంగానే డబ్బు వేస్తారు. తర్వాత టెలిగ్రామ్ గ్రూపులో చేర్చి, ముందు వెయ్యి కడితే పదిహేను వందలొస్తాయంటారు. ఆ వెయ్యి పదివేలవుతుంది, పదివేలు లక్షవుతుంది. విత్‌డ్రా చేయబోతే ట్యాక్స్ కట్టమంటారు. ఇలాంటి టాస్క్ మోసాలకు, అక్రమ పెట్టుబడి పథకాలకు వాడుతున్న వందకు పైగా వెబ్‌సైట్లను కేంద్రం 2023 డిసెంబరులో బ్లాక్ చేసింది. అయినా కొత్తవి పుడుతూనే ఉన్నాయి.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. అసలైన ఏజెన్సీ రిజిస్ట్రేషన్ ఫీజు అడగదు. షాపర్ ఖర్చు పెట్టేది షాపులో, బిల్లు తీసుకుని. ఎవరి యూపీఐకో ముందుగా డబ్బు పంపించే పని ఇందులో ఉండదు. ఓటీపీ, ఏటీఎం పిన్ అడిగితే అక్కడితో ఆపేయాలి. బ్యాంకు ఖాతాను వాడుకోనిస్తే కమీషన్ ఇస్తామంటే అసలే ఒప్పుకోకూడదు. పోలీసు కేసు ఖాతాదారు మీదకే వస్తుంది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

ఫీజు ఎంత, తిరిగిచ్చే కొనుగోలు డబ్బు ఎంత? రెండూ వేర్వేరుగా రాసి ఉన్నాయా? 'రూ.700 వరకు' అని ఉంటే అందులో 300 బిల్లుకే పోవచ్చు.

ప్రయాణ ఖర్చు ఇస్తారా? చిన్న ఊళ్ల పనులు ఎవరూ తీసుకోక మిగిలిపోతే చివరి రోజుల్లో ఫీజు పెంచుతారు. అప్పుడు బేరమాడే వీలుంటుంది.

ఎంత రాయాలి, ఏ భాషలో రాయాలి, ఎప్పటిలోగా పంపాలి?

ఆడియో, వీడియో కావాలా? అయితే ఫోను, ఛార్జింగ్, డేటా ఖర్చు ఎవరిది?

డబ్బు ఎన్ని రోజులకు వేస్తారు? తిరస్కరిస్తే కారణం చెబుతారా?

అక్కడ పనిచేసేవాళ్లలో తెలిసినవాళ్లున్నారా?

వీటన్నిటికీ జవాబు దొరికాక ఒక కాగితం మీద గంటలు, ఖర్చులు, ఫీజు వరుసగా వేసుకుంటే సరిపోతుంది. ఎలాగూ వెళ్లే దారిలో ఉంటే ఈ పని చేతిఖర్చులకు పనికొస్తుంది. కరువు ఏడాదిలో ఇల్లు గడవడానికి ఇదే దిక్కనుకుంటే మాత్రం అనంతపురం బస్సెక్కే ముందు ఆ కాగితం ఇంకోసారి చూసుకోవడం మంచిది.